మూడు క్రెడిట్లు, ఒక స్పగెట్టీ వంతెన: మా అమ్మాయి ఇంజనీరింగ్ సమ్మర్ క్లాసు, నా అనుభవం

ఇప్పటికి నలుగురు ఫోన్ చేసి అడిగారు, "మీ అమ్మాయిని ఆ ఇంజనీరింగ్ సమ్మర్ క్లాసుకి పంపారుగా, పనికొచ్చిందా?" అని. ఒక్కొక్కరికీ చెప్పేసరికి గంట పడుతోంది, పొయ్యి మీద పప్పు మాడుతోంది. అందుకే ఒకసారి కూర్చుని మొదటినుంచీ రాసేస్తున్నాను.

మాది అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రంలోని కొలంబియా. 2023 నవంబరులో దీపావళి పాట్‌లక్‌కి వెళ్తే, అక్కడ ఒకావిడ గారెల ప్లేటు చేత్తో పట్టుకుని, "మా వాడు హైస్కూల్లో ఉండగానే హాప్కిన్స్‌లో మూడు క్రెడిట్లు తెచ్చుకున్నాడండీ" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మాయి అప్పుడు పదకొండో గ్రేడ్. ఇంజనీరింగ్ చదువుతానని ఓ రోజు, వద్దని ఓ రోజు అనేది. దానికి ఇష్టమా కాదా అన్నది నేను ఆలోచించలేదు. మూడు క్రెడిట్లు (డిగ్రీ కోసం కాలేజీలో కూడబెట్టుకోవాల్సిన పాయింట్లు) అన్న మాటే చెవిలో తిరుగుతోంది.

ఆ కోర్సు పేరు ఎక్స్‌ప్లోర్ ఇంజనీరింగ్ ఇన్నోవేషన్. మాకు దగ్గర్లోని బాల్టిమోర్‌లో ఉన్న జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు 2006లో మొదలుపెట్టారు, అప్పట్లో పేరులో ఎక్స్‌ప్లోర్ లేదు. ఎండాకాలంలో నాలుగు వారాలు, కాలేజీ మొదటి సంవత్సరం స్థాయి చదువు. ఎ గానీ బి గానీ వస్తే మూడు కాలేజీ క్రెడిట్లు ఇస్తారు. సి వచ్చిందా, క్రెడిట్ లేదు. ఈ చివరి ముక్క నేను చదివాను గానీ బుర్రకి ఎక్కించుకోలేదు. మా పిల్లకి సి రావడమేమిటి అనుకున్నాను.

అప్లికేషన్‌లో పెద్ద కష్టమేమీ లేదు. స్కూల్ మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్, టీచరు సిఫార్సు ఉత్తరం, పిల్లలు సొంతంగా రాసుకునే ఓ వ్యాసం. ఆల్జీబ్రా 2, ట్రిగనామెట్రీ అయి ఉండాలి, ల్యాబ్ సైన్స్ ఒకటి చేసి ఉండాలి. మేం జనవరి మొదటి వారంలోనే మొదలుపెట్టాం. అయినా నెల దాటిపోయింది. ఎందుకంటే స్కూల్లో ట్రాన్‌స్క్రిప్ట్ పంపమని ఇచ్చిన ఫారం ఎక్కడో పడిపోయింది. రెండు వారాలు ఆగి అడిగితే, "అలాంటిదేమీ మాకు రాలేదే" అన్నారు. మళ్లీ ఇచ్చాం. ఈసారి మా అమ్మాయి ఇచ్చిన కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని మరీ వచ్చింది. చివరికి ఫిబ్రవరి 12న అన్నీ చేరాయి. మీరు పంపేటట్టయితే క్రిస్మస్ సెలవులకి ముందే స్కూల్లో కాగితాలు ఇచ్చేయండి.

ఇక ఎదురుచూపు. నేను రోజుకి మూడుసార్లు మెయిల్ చూడమని దాని ప్రాణం తీశాను. 

ఈలోగా మార్చి 26. అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకి బాల్టిమోర్‌లో ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనని డాలీ అనే సరుకు నౌక గుద్దింది. కొద్ది సెకన్లలో మొత్తం నీళ్లలోకి వెళ్లిపోయింది. వంతెన మీద రోడ్డు గుంతలు పూడుస్తున్న కార్మికులు ఆరుగురు చనిపోయారు. మాకు ఆ సంగతి చెప్పింది ఇక్కడి టీవీ కాదు. తెల్లవారకముందే తెనాలి నుంచి మా అత్తయ్య ఫోన్. "మీ ఊళ్లో బ్రిడ్జి పడిపోయిందంటున్నారు, నౌకలో అంతా మనవాళ్లేనంట, మీరు బాగానే ఉన్నారా?" అని ఒకటే కంగారు. నౌక సిబ్బందిలో దాదాపు అందరూ భారతీయులే కాబట్టి అక్కడి ఛానళ్లు పొద్దున్నుంచీ అదే చూపిస్తున్నాయట.

ఆ రోజు సాయంత్రం మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆ వీడియో పదేపదే చూసింది. ఆపింది, వెనక్కి తిప్పింది, మళ్లీ చూసింది. "అమ్మా, ఒక్క స్తంభం పోతే మొత్తం ఎందుకు పడాలి? మిగతా స్తంభాలు నిలబడే ఉన్నాయి కదా" అంది. నాకేం తెలుసు? నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. "ఆ పోయినవాళ్ల పిల్లల గురించి ఆలోచించవే ముందు" అని కసిరాను. తర్వాత బాధేసింది. అది ఆలోచిస్తున్నది తప్పేమీ కాదు.

రెండు రోజులకి, మార్చి 28న, సీటు వచ్చినట్టు మెయిల్. ఆరున్నర వారాలు పట్టింది మాకు.

డబ్బు సంగతి అందరూ అడుగుతారు. ఫీజు ఏటా మారుతుంది కాబట్టి మా అంకె మీకు పనికిరాదు. మేం కట్టిన దాంతో ఎండాకాలంలో ఇద్దరం హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లం, ఆ లెక్కన ఊహించుకోండి. ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం ఉంది, మాకు వర్తించలేదు. ఫీజు కాక చిల్లర ఖర్చులు నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచాయి. ల్యాబులో కాలివేళ్లు కనిపించే చెప్పులు కుదరవు. మా పిల్లకి ఎండాకాలమంతా రబ్బరు చెప్పులే, ఉన్న బూట్లేమో బిగుతైపోయాయి. అవి కొనాలి. పెట్రోలు, పార్కింగ్. పైన ఆఖర్లో వంతెన పోటీ కోసం స్పగెట్టీ (సేమ్యా లాంటి పొడుగు పుల్లలు) ప్యాకెట్లు, ఎపాక్సీ జిగురు, చేతి గ్లవ్స్. అన్నీ కలిపి 300 డాలర్లు దాటాయి. అందులో 40 డాలర్లు స్పగెట్టీకే అయ్యాయంటే మా ఆయన ఇప్పటికీ నమ్మరు.

ఏప్రిల్‌లో మా అత్తయ్య ఆరు నెలలకని వచ్చారు. వచ్చిన రెండో రోజే, "మూడు క్రెడిట్లంటే మన డబ్బుల్లో ఎంత?" అని అడిగారు. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. తర్వాత యూనివర్సిటీ పేరు మీద చర్చ. "జాన్ కదుటే, జాన్స్ ఏమిటి? ఎంతమంది జాన్‌లు?" అని. అది నాకూ తెలియదు. మా అమ్మాయి వెతికి చెప్పింది. ఆ యూనివర్సిటీకి ఆస్తి రాసిచ్చిన ఆయన పేరే జాన్స్ అట, వాళ్ల తాతగారి తల్లి పుట్టింటి ఇంటిపేరట అది. "ఓహో, ఇంటిపేరు తెచ్చి పిల్లాడికి పెట్టుకున్నారా, బాగుంది" అని మా అత్తయ్య సమాధానపడ్డారు.

క్లాసులు జూన్ చివర్లో మొదలయ్యాయి. హాస్టల్లో పెట్టలేదు, రోజూ దింపి తీసుకొచ్చాం. మా ఇంటినుంచి క్యాంపస్‌కి మామూలుగా ముప్పావుగంట. కానీ కీ వంతెన పోయాక లారీలన్నీ రేవు కింది సొరంగాలవైపు, అవి కుదరనివి 695 అనే బాల్టిమోర్ రింగ్ రోడ్డు పడమటి వైపు మళ్లాయి. ఎక్కడో అటువైపు కూలిన వంతెన మా దారికి ఏం అడ్డమనుకున్నాను, మొదటి రోజే గంటంబావు పట్టింది. రెండో రోజునుంచీ మరో రెండు కుటుంబాలతో వంతులు వేసుకున్నాం. ఒకరు ఖమ్మం వాళ్లు, ఇంకొకరు ఎలికాట్ సిటీలో ఉండే కొరియా వాళ్లు. మా వంతు రోజు పిల్లలకి పులిహోర పొట్లాలు, వాళ్ల వంతు రోజు కింబాప్. నా వంతు వచ్చినరోజు నేను ఇంటికి తిరిగొచ్చేదాన్ని కాదు, క్యాంపస్ పక్కనే ఉన్న బాల్టిమోర్ ఆర్ట్ మ్యూజియం బయట ఓ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకునేదాన్ని. ప్రవేశం ఉచితం, కానీ సోమ, మంగళ వారాలు మూసి ఉంటుంది. నా వంతు మంగళవారం. నా అదృష్టం అలాంటిది.

మొదటి వారం పిల్ల ముఖం చూస్తే భయమేసింది. స్కూల్లో దానికి లెక్కల్లో ఎదురులేదు. ఇక్కడ క్లాసులో ఉన్నవాళ్లంతా వాళ్లవాళ్ల స్కూళ్లలో ఎదురులేనివాళ్లే. పొద్దున పాఠం, మధ్యాహ్నం ల్యాబ్, ఇంటికొచ్చాక ల్యాబ్ రిపోర్ట్. రాత్రి పదకొండయినా లైటు వెలుగుతూనే ఉండేది. మొదటి రిపోర్ట్ ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. తప్పేమిటయ్యా అంటే, కొలత 4.37 అని రాసింది. అంత ఖచ్చితంగా నీ కొలబద్ద చెప్పగలదా, ఎంత అటూఇటూ ఉండొచ్చో రాయలేదేం అని అడిగారట. "స్కూల్లో ఇలా ఎవరూ అడగలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ వారంలోనే అంచనాల లెక్కలు మొదలయ్యాయి. దేన్నయినా సరే, తెలిసిన రెండు మూడు సంగతులు పట్టుకుని సుమారుగా ఎంతో చెప్పాలి. ఇంట్లో సాధన కోసం అది ఎంచుకున్నది మా సోనామసూరి బస్తా. 20 పౌండ్ల బస్తాలో ఎన్ని బియ్యపుగింజలుంటాయి? వంటింటి త్రాసు ఒక గ్రాము కంటే తక్కువ చూపించదు కాబట్టి గింజల్ని ఒక్కొక్కటిగా తూచడం కుదరదు. ఒక చెంచా నిండా తీసి తూస్తే 12 గ్రాములు. ఆ చెంచాడు గింజల్నీ మా అత్తయ్యకి అప్పజెప్పింది. ఆవిడ స్టీలు పళ్లెంలో పోసుకుని, రాళ్లేరినట్టే వేలితో పదేసి చొప్పున పక్కకి నెట్టుకుంటూ, టీవీ సీరియల్ చూస్తూనే లెక్కపెట్టేశారు. దాదాపు తొమ్మిది వందలు. అంటే బస్తాకి ఆరు లక్షల డెబ్భై అయిదు వేలు. "ఇన్నేళ్లూ వండాను గానీ ఇన్ని గింజలని తెలీదే" అన్నారు. దానికి ఆ వారంలో మొదటిసారి నవ్వొచ్చింది.

రెండో వారం డిజిటల్ లాజిక్. చిల్లుల పలక మీద తీగలు గుచ్చి చిన్న దీపాలు వెలిగించడం. మూడు స్విచ్‌ల్లో ఏ రెండు నొక్కినా దీపం వెలగాలి, ఒక్కటే నొక్కితే వెలగకూడదు అని తనకు తానే ఓ లెక్క పెట్టుకుని ఎనిమిది వరసల పట్టిక వేసి ఫ్రిజ్‌కి అంటించింది. అది అర్థమైన రోజు మాత్రం మహా సంబరపడింది. ఆ వారం గురించి ఇంతకంటే నాకు తెలియదు, ఎందుకంటే నేను అప్పుడు వేరే గొడవలో ఉన్నాను.

ఆ గొడవ ఇది. స్కూల్ మార్కుల పోర్టల్‌ని రోజుకి నాలుగుసార్లు చూడటం నాకు అలవాటు. పిల్ల బస్సు దిగి ఇంటికి రాకముందే క్విజ్‌లో ఎంతొచ్చిందో నాకు తెలిసిపోయేది. ఇక్కడ నాకు లాగిన్ లేదు. పొరపాటున ఇవ్వడం మర్చిపోయారేమో అని ఆఫీసుకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. కాలేజీ కోర్సులో చేరిన రోజునుంచీ ఆ మార్కుల మీద హక్కు విద్యార్థిదే, వయసు పదహారైనా సరే. 1974 నాటి ఫెర్పా అనే చట్టం అట. మీ అమ్మాయి రాసిచ్చి ఒప్పుకుంటే చెప్తామంది. ఫీజు కట్టింది నేను కదా అన్నాను. నిజమేనండీ, కానీ చదువుతున్నది ఆమె కదా అంది.

ఆ రాత్రి మా అమ్మాయిని ఆ కాగితం సంతకం చేసిమ్మన్నాను. అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేనే చెప్తాలే అమ్మా" అంది. గట్టిగా కూడా అనలేదు. నాకు ఎంత కోపమొచ్చిందంటే, మర్నాడు దాని లంచ్ డబ్బాలో చెంచా పెట్టడం మర్చిపోయాను. కావాలని కాదు. మా ఆయన్ని "మీరైనా చెప్పండి" అని అడిగితే, "మా నాన్నకి నా డిగ్రీ మార్కులు ఇప్పటికీ తెలీవు" అని పేపరు వెనక దాక్కున్నారు.

జులై 4 సెలవు. ఊరంతా బాణాసంచా, మా ఇంట్లో ల్యాబ్ రిపోర్ట్.

మిడ్‌టర్మ్ అయిన రోజు అదే చెప్పింది, కార్లో, కిటికీలోంచి బయటకి చూస్తూ. "61". నాకు నోట మాట రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది సి వస్తే క్రెడిట్ లేదన్న ముక్క. అంతకంటే పెద్ద సంగతి ఆ రాత్రి మా ఆయన చెప్పారు. ఇది నిజం కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్. సి వస్తే క్రెడిట్ రాకపోవడంతో సరిపోదు, ఆ గ్రేడు రికార్డులో ఉండిపోతుంది, రేపు అక్టోబరులో కాలేజీలకి అప్లై చేసేటప్పుడు చూపించాలి. మధ్యలో మానేస్తే ఏమవుతుంది, ఏ తేదీలోపు మానేయాలి అని ముగ్గురం కూర్చుని రాత్రి పన్నెండింటి వరకూ చదివాం. పోటీ కోసం పంపిన క్లాసు, పరువు ఎలా కాపాడుకోవాలన్న దగ్గరికొచ్చింది. "నువ్వేమంటావు?" అని మా ఆయన దాన్నే అడిగారు. "ఉంటాను. ఇంకా వంతెన ఉంది కదా" అంది.

ఇక ఆ వంతెన సంగతి. ఆఖరి వారంలో పోటీ. స్పగెట్టీ, ఎపాక్సీ జిగురు తప్ప ఇంకేమీ వాడకుండా వంతెన కట్టాలి, విరిగేదాకా బరువు వేలాడదీస్తారు. జట్లుగా చేయాలి. అసలు వంతెన వాళ్లు అక్కడ కట్టుకున్నారు గానీ, అంతకుముందు ప్రయోగాలన్నీ మా వంటింట్లోనే జరిగాయి. మా అత్తయ్య స్పగెట్టీని పొడుగు సేమ్యా అనేవారు. "ఉప్మా చేసుకోక ఈ విరగ్గొట్టుకోవడమేమిటే" అని ఓ పక్క సణుగుతూనే, ఇంకో పక్క కుర్చీ లాక్కుని కూర్చునేవారు.

ఒక సాయంత్రం బాగా గుర్తుంది. లడ్డూల కొలతలకని నేను కొన్న త్రాసు మీద మా అమ్మాయి ఒక స్పగెట్టీ పుల్లని నిట్టనిలువుగా నిలబెట్టి, పైనుంచి వేలితో మెల్లగా నొక్కింది. ముప్ఫై గ్రాముల దగ్గరికి రాగానే పుల్ల విల్లులా వంగిపోయింది. ఎంత నొక్కినా అంకె పెరగదు, వంపు పెరుగుతుంది, అంతే. తర్వాత అదే పుల్లని సగానికి విరిచి నొక్కింది. ఈసారి నూట ఇరవై దాటింది. పొడుగు సగమైతే బలం రెట్టింపు కావాలి కదా అని నా లెక్క. కాదట, నాలుగింతలట. ఆయిలర్ అనే గణితవేత్త 18వ శతాబ్దంలోనే ఆ లెక్క కట్టాడట. పక్కనుంచి మా అత్తయ్య, "మా ఇల్లు కట్టిన వడ్రంగికి ఏ ఆయిలరూ తెలీదు, వాసం పొడుగైతే మధ్యలో ఊత కొట్టేవాడు" అన్నారు. మా అమ్మాయి ఓ క్షణం ఆవిడకేసి చూసి, నోటుబుక్కులో గీసిన బొమ్మలో పైనున్న పొడుగు కడ్డీలకి మధ్యమధ్యలో అడ్డ ఊతలు గీసింది. లాగితే స్పగెట్టీ బాగానే ఓర్చుకుంటుందిట, నొక్కితేనే వంగిపోతుందిట. కాబట్టి నొక్కుడు పడే చోటల్లా పొట్టి ముక్కలే.

ఇంకో చిత్రం కూడా మా అత్తయ్యే కనిపెట్టారు. రెండు చివరలు పట్టుకుని వంచి విరిస్తే ఎప్పుడూ రెండు ముక్కలు కాదు, మూడో నాలుగో అవుతుంది. నేలంతా తుంపులే కదా, ఊడ్చేది ఆవిడ. ఫైన్‌మన్ లాంటి భౌతిక శాస్త్రవేత్త కూడా ఈ ప్రశ్నతో తంటాలు పడ్డాడని, 2005లో ఫ్రాన్స్ వాళ్లు ఇద్దరు కారణం తేల్చారని, 2018లో ఎంఐటీ వాళ్లు మెలితిప్పుతూ వంచితే రెండే ముక్కలవుతుందని చూపించారని మా అమ్మాయి చెప్పుకొచ్చింది. "అయితే మెలితిప్పి విరువు, నాకు ఊడ్చే పని తగ్గుద్ది" అన్నారు ఆవిడ.

ఎపాక్సీ గురించి ఒక మాట. రెండు ట్యూబుల్లోదీ కలిపాక అయిదు నిమిషాల్లో గట్టిపడేది కొన్నాం. వాసన ఘాటు, కిటికీలు తెరవాలి. జులైలో మేరీలాండ్‌లో కిటికీ తెరిస్తే ఉక్క, తేమ. ఆ తేమకి ప్యాకెట్లోంచి తీసి పెట్టిన స్పగెట్టీ తెల్లారేసరికి వంకర్లు తిరిగేది. చివరికి బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టాం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. మా డైనింగ్ టేబుల్ మీద మూడు చుక్కలు పడ్డాయి, అవి ఈ జన్మకి పోవు.

జట్టులో గొడవలు కూడా అయ్యాయి. కొరియా వాళ్లబ్బాయి విల్లులా వంపు తిరిగిన వంతెన కావాలన్నాడు, మా అమ్మాయి త్రికోణాలన్నది. మూడోవాడికి ఏదైనా ఒకటే, ఇంటికెళ్లాలి. రెండు రోజులు మాటల్లేవు, అదీ ఒకే కార్లో పక్కపక్కన కూర్చుని. నా వంతు రోజు ఆ నిశ్శబ్దం భరించలేక పాటలు పెట్టాను. ఆఖరికి ఇద్దరూ చెరో చిన్న నమూనా చేసి, నీళ్ల సీసాలు వేలాడదీసి చూసుకున్నారు. త్రికోణాలే నిలబడ్డాయి. ఆ అబ్బాయి ఇంకేం మాట్లాడకుండా ఎపాక్సీ కలపడం మొదలుపెట్టాడు.

పోటీ రోజు తల్లిదండ్రుల్ని కూడా రానిచ్చారు. మా అత్తయ్య పట్టుచీర కట్టుకుని బయల్దేరారు. వంతెనలు వరసగా పెట్టి ఉన్నాయి. అరకిలో కూడా లేని ఆ పుల్లల గూళ్ల దగ్గరికి వెళ్లి గట్టిగా ఊపిరి వదలాలన్నా భయమేసింది నాకు. మా వాళ్లది పదో పన్నెండో వంతు. బరువులు ఒక్కొక్కటే వేస్తున్నారు. పది పౌండ్లు, ఇరవై. ముప్ఫై దాటాక ఎక్కడో టిక్ మని చిన్న శబ్దం. గదంతా నిశ్శబ్దం. ముప్ఫై అయిదు. నలభై. నలభై ఒకటి దగ్గర, కింద ఒక మూలన జిగురు అతుకు ఊడింది. అంతే, వంతెన మొత్తం ఒక్కసారిగా బల్ల మీదికి రాలిపోయింది. నేను మా అమ్మాయి ముఖం చూశాను, ఏడుస్తుందేమోనని. అది వంగి ముక్కల్లో ఏదో వెతుకుతోంది. ఊడిన అతుకు పట్టుకుని పైకెత్తి వాళ్ల జట్టు పిల్లాడికి చూపిస్తూ, "ఒక్కటి పోయింది, దాన్ని పట్టుకునేది ఇంకోటి లేదు. కీ బ్రిడ్జికీ ఇదే" అంది. నలభై ఒక్క పౌండ్లంటే పద్దెనిమిదిన్నర కిలోలు. మా వాళ్లు ఏడో స్థానం. ఫైనల్ పరీక్ష కూడా ఆ వారంలోనే.

తర్వాత రెండు వారాలు ఏమీ లేదు. నేను అడగలేదు. అడగకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో ఎవరికీ తెలీదు. ఆగస్టు 9 శుక్రవారం గ్రేడు వచ్చిందట. నాకు చెప్పింది శనివారం సాయంత్రం, ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపాక, నేను సంచులు తీసుకుంటుంటే. "అమ్మా, బి వచ్చింది." ఒక రోజంతా కడుపులో పెట్టుకుందన్నమాట. "నిన్నే చెప్పొచ్చు కదే" అన్నాను. "నిన్న నాకోసం ఉంచుకున్నా" అంది. కరివేపాకు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చాం.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు పేచీ ఆ క్రెడిట్లని వాడుకునేటప్పుడు మొదలైంది, 2025లో. దానికి సీటు వచ్చిన కాలేజీల్లో ఒకటి, హైస్కూల్ పాసవకముందు తీసుకున్న క్రెడిట్లు మేం లెక్కలోకి తీసుకోమని ఒక్క లైనులో తేల్చేసింది. మా అమ్మాయి చేరాలనుకున్న కాలేజీ, పంపండి చూస్తామంది. మే మొదటి వారంలో ట్రాన్‌స్క్రిప్ట్ పంపించాం. ఇది మనంతట మనం పంపలేం, చదివిన యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి. ఆన్‌లైన్‌లో కొద్ది డాలర్లు కట్టి అడగాలి, అదీ పిల్లలే అడగాలి. పది రోజుల తర్వాత కాలేజీ నుంచి జవాబు: ఈ కోర్సులో వారం వారం ఏం చెప్పారో ఆ సిలబస్ కావాలి.

ఇక్కడే చిక్కొచ్చింది. మా అమ్మాయి సిలబస్‌ని ల్యాప్‌టాప్‌లో దాచుకోలేదు, పాత ల్యాప్‌టాప్ స్కూల్‌ది, తిరిగిచ్చేసింది. మీరు మాత్రం క్లాసు జరుగుతుండగానే సిలబస్, ల్యాబ్ రిపోర్టులు అన్నీ దించి పెట్టుకోండి. యూనివర్సిటీకి మెయిల్ రాసి ఎదురుచూద్దాం అనుకుంటుండగా, మొదటి రోజు ఇచ్చిన కాగితాలు ఫ్రిజ్ మీద ఉండేవి కదా అని గుర్తొచ్చింది. ఇల్లంతా వెతికాం. లేవు. చివరికి తెనాలికి ఫోన్ చేస్తే మా అత్తయ్య, "ఆ గట్టి కాగితాలా? అల్మరాలో సీసాల కింద పరిచాను కదా" అన్నారు.

ఉన్నాయి. ఆవకాయ జాడీ కింద. నాలుగు కాగితాల్లో మూడు శుభ్రంగానే ఉన్నాయి. రెండో కాగితం మీద, మూడో వారం పాఠాల చుట్టూ, జాడీ అడుగు సైజులో ఎర్రగా గుండ్రటి నూనె మరక. అక్షరాలు కనిపిస్తున్నాయి. స్కాన్ చేస్తే మరక ఇంకా బాగా వచ్చింది. రెండు రకాలుగా తీసి చూశాం, నలుపు తెలుపులో తీస్తే చదవడమే కుదరలేదు. రంగుల్లోనే పంపించేశాం.

జూన్ 12న జవాబు వచ్చింది. మూడు క్రెడిట్లూ ఇచ్చారు, కానీ ఎలెక్టివ్ కింద. అంటే మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ క్లాసు మళ్లీ చదవాల్సిందే, ఇవి ఊరికే లెక్కలో ఉంటాయి. రెండు నెలల ముందే ఆ కాలేజీని అడిగి ఉంటే ఈ మాట అప్పుడే చెప్పేవారు. ఈ సంగతి కూడా నాకు నేరుగా తెలియలేదు. మెయిల్ దానికి వచ్చింది, అది ముందు తెనాలికి ఫోన్ చేసింది. నేను వంటింట్లోంచి విన్నాను.

"నానమ్మా, నీ ఆవకాయ మరకతో సహా ఒప్పుకున్నారు. మూడూ ఇచ్చారు."

అటునుంచి స్పీకర్లో మా అత్తయ్య గొంతు: "ఇవ్వరూ మరి? ఇంతకీ ఆ జాడీలో ఇంకా ఎంతుంది, ఈ ఏటిది పంపనా?"